ఐటేనియం, ఆప్టెరాన్: రెండు ప్రాసెసరుల తులనాత్మక పరిశీలన

కంప్యూటరులను గురించి మన కళాశాల ఆవరణలో విద్యార్థులు మాట్లాడుకొనునప్పుడు చర్చ తరచుగా ఒకే ప్రశ్న వద్దకు వచ్చి ఆగుచున్నది: ఏ ప్రాసెసరు గొప్పది? కొనుగోలు సంఘముల సమావేశములలోను ఇదే ప్రశ్న మరొక రూపమున వినబడును. వేగమును తెలుపు అంకెలు రెండింటిని పక్కపక్కన వ్రాసి, పెద్ద అంకె గల దానిని ఎన్నుకొనుట సులభమైన పని. కాని ప్రాసెసరుల చరిత్రను పరిశీలించినచో పెద్ద అంకెలు ఓడిపోయి చిన్న అంకెలు గెలిచిన సందర్భములు కలవు. అట్టి ఒక సందర్భమును ఈ వ్యాసమున వివరింపదలచినాము. ఇంటెల్ సంస్థ హ్యూలెట్ పాకార్డ్ సంస్థతో కలిసి రూపొందించిన ఐటేనియం, ఎ.ఎం.డి. సంస్థ రూపొందించిన ఆప్టెరాన్ అను రెండు ప్రాసెసరులు మా పరిశీలనకు విషయములు. రెండును సర్వరుల కొరకు, వర్క్‌స్టేషనుల కొరకు పుట్టినవే. రెండును నేడు తయారగుట లేదు. అయినను మన కార్యాలయములలోను, ప్రయోగశాలలలోను ఉన్న కంప్యూటరులలో అత్యధిక భాగము ఆ పోటీలో వెలువడిన తీర్పునకు లోబడియే నేటికిని పనిచేయుచున్నవి.

సర్వరు వేరు, వర్క్‌స్టేషను వేరు

ముందుగా ఈ రెండు పదముల అర్థమును తేటపరచుకొందము. సర్వరు అనగా అనేకులకు ఒకేసారి సేవచేయు యంత్రము. విశ్వవిద్యాలయము పరీక్షా ఫలితములను వెల్లడించిన దినమున వేలాది విద్యార్థులు ఒకే గంటలో తమ సంఖ్యను పంపి మార్కులు అడుగుదురు. ఒక్కొక్కరి ప్రశ్న చిన్నది. ఒకరి ప్రశ్నకు మరొకరి ప్రశ్నతో సంబంధము లేదు. అక్కడ కావలసినది అనేక పనులను ఏకకాలమున నడుపగల సామర్థ్యము, విస్తారమైన మెమరీ, రేయింబవళ్లు ఆగకుండా నడచు విశ్వసనీయత.

వర్క్‌స్టేషను అట్లుగాదు. అది ఒక వ్యక్తి ముందు బల్లపై కూర్చుండును. వంతెన నమూనాను గీయు ఇంజనీరు, ఔషధాణువు ఆకృతిని పరిశీలించు రసాయన శాస్త్రవేత్త, చలనచిత్రమునకు బొమ్మలు కూర్చు చిత్రకారుడు దానిని వాడుదురు. పని ఒక్కటే, కాని పెద్దది. ఆ ఒక్క పని ఎంత త్వరగా ముగియునన్నదే అక్కడి ప్రశ్న.

ఈ భేదమును ఒక చిన్న లెక్కతో చూపవచ్చును. ఒక పనికి 100 నిమిషములు పట్టుననుకొందము. అందులో 80 నిమిషముల భాగమును అనేకులు పంచుకొనవచ్చును. మిగిలిన 20 నిమిషముల భాగము ఒకదాని తరువాత ఒకటిగా జరుగవలసినదే. ఎనిమిది గణన కేంద్రములు గల ప్రాసెసరుపై ఈ పని 20కి 10 కలిపి 30 నిమిషములలో ముగియును. ఎనుబది కేంద్రములను పెట్టినను 20కి 1 కలిపి 21 నిమిషములు తప్పవు. పదిరెట్లు ఖర్చుపెట్టి తొమ్మిది నిమిషములు మాత్రమే ఆదా చేసినవారమగుదుము. జీన్ ఆమ్డాల్ అను కంప్యూటరు నిర్మాత 1967లో ప్రతిపాదించిన సూత్రము ఇదియే. సర్వరులోని పనులు పరస్పరము స్వతంత్రములు గనుక కేంద్రముల సంఖ్య పెరిగినకొలది అక్కడ లాభము కలుగును. వర్క్‌స్టేషనులో ఒక్కొక్క కేంద్రము వేగమే తరచుగా ముఖ్యమగును.

నాలుగు గిగాబైట్ల గోడ

1978లో ఇంటెల్ విడుదల చేసిన 8086 అను ప్రాసెసరు 16 బిట్లతో పనిచేసెడిది. 1985లో వచ్చిన 80386 దానిని 32 బిట్లకు పెంచినది. ఈ వంశమునకు ఎక్స్ 86 అని పేరు. 32 బిట్లతో వ్రాయగల చిరునామాల సంఖ్య 2ను 32 మారులు హెచ్చించగా వచ్చు 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. అనగా ఒక కార్యక్రమము ఒకేసారి చూడగల మెమరీ నాలుగు గిగాబైట్లకు మించదు. ఇంటెల్ తరువాత చిరునామాలను 36 బిట్లకు విస్తరించి యంత్రములో 64 గిగాబైట్ల వరకు మెమరీని పెట్టు వీలు కల్పించినది గాని, ఒక్కొక్క కార్యక్రమమునకు మాత్రము ఆ నాలుగు గిగాబైట్ల గోడ అట్లే నిలిచియున్నది.

1990 దశకము ముగియు నాటికి బ్యాంకుల ఖాతాలు, రైల్వే రిజర్వేషనులు, వాతావరణ గణనలు ఈ గోడకు తలను తాకించుకొనుచుండెను. 64 బిట్లకు పోవలసినదే అని అందరును అంగీకరించినారు. ఏ దారిన పోవలెననుటలోనే భేదాభిప్రాయము కలిగినది.

లిపిని మార్చుటయా, అక్షరములను చేర్చుటయా

ప్రాసెసరుకు అర్థమగు ఆదేశముల మొత్తమును ఆదేశ సముదాయము అందురు. అది ఒక లిపి వంటిది. కార్యక్రమములన్నియు ఆ లిపిలో వ్రాయబడిన గ్రంథములు. లిపిని మార్చినచో ఏమగునో ఉర్దూ, తెలుగు రెండింటిని చదువుకొను మన విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు. 1928లో టర్కీ దేశము అరబ్బీ లిపిని విడిచి లాటిన్ లిపిని స్వీకరించినది. నూతన లిపి నేర్చుటకు సులువైనదే కావచ్చును. కాని ఆ తరువాత పాఠశాలకు పోయిన బాలురకు తాతల గ్రంథములు, సమాధులపై రాతలు అపరిచితములైనవి. దీనికి భిన్నముగా ఫార్సీవారు అరబ్బీలోని 28 అక్షరములను యథాతథముగా ఉంచుకొని పె, చె, ఝె, గాఫ్ అను నాలుగింటిని చేర్చుకొన్నారు. ఉర్దూవారు తమ ధ్వనులకు అవసరమైన ట, డ, డ్‌ఢ వంటి మూర్ధన్యములకు మరికొన్ని గుర్తులు చేర్చినారు. పాత గ్రంథమును చదువుటకు ఆటంకము లేదు. కొత్త మాటను వ్రాయుటకును ఆటంకము లేదు.

ఐటేనియం మొదటి మార్గమును, ఆప్టెరాన్ రెండవ మార్గమును అనుసరించినవి. ఈ వ్యాసములోని తక్కిన విషయమంతయు ఈ ఒక్క వాక్యమునకు వ్యాఖ్యానమే అనవచ్చును.

ఐటేనియం నిర్మాణము

హ్యూలెట్ పాకార్డ్ సంస్థలో 1980 దశకాంతమున ప్రారంభమైన పరిశోధన ఐటేనియమునకు మూలము. 1994లో ఆ సంస్థ, ఇంటెల్ కలిసి పనిచేయుటకు ఒప్పందము ప్రకటించినవి. వారి ఆలోచన గంభీరమైనది. సాధారణ ప్రాసెసరు ఒకదాని వెంట ఒకటిగా వచ్చు ఆదేశములను చూచి, వాటిలో ఏవేవి ఒకేసారి చేయదగునో పని నడచుచుండగనే నిర్ణయించుకొనును. ఈ నిర్ణయమునకు ప్రాసెసరులో చాల స్థలము, విద్యుచ్ఛక్తి ఖర్చగును. ఈ భారమును ప్రాసెసరు నుండి తొలగించి, కార్యక్రమమును యంత్రభాషలోనికి మార్చు కంపైలరుపై మోపినచో ప్రాసెసరు సరళముగాను, వేగముగాను ఉండునని వారు భావించినారు. ఈ పద్ధతికి వారు 'ఎపిక్' అను సంక్షిప్త నామము పెట్టినారు.

ఐటేనియములో 41 బిట్ల ఆదేశములు మూడింటిని, 5 బిట్ల సూచికను కలిపి 128 బిట్ల కట్టగా కట్టుదురు. ఏ ఆదేశము ఏ విభాగమునకు పోవలెనో, ఎక్కడ ఆగవలెనో ఆ సూచిక తెలుపును. పూర్ణసంఖ్యలకు 128 రిజిస్టరులు, దశాంశ సంఖ్యలకు మరి 128 రిజిస్టరులు, నిబంధనలకు 64 గుర్తులు కలవు. రిజిస్టరు అనగా ప్రాసెసరు చేతికందు దూరములో గల అతి చిన్న గూడు. పాత ఎక్స్ 86లో అట్టి సాధారణ గూళ్లు ఎనిమిది మాత్రమే. కాగితముపై చూచినచో ఐటేనియం ఐశ్వర్యము ఆశ్చర్యము గొలుపును.

అయితే ఒక చిక్కు కలదు. కళాశాలలో జూన్ నెలలోనే ప్రధానాచార్యులు సంవత్సరమునకంతకు టైంటేబిలు వేసి గోడకు అతికించినారనుకొందము. అధ్యాపకులందరు గంటకు సరిగా వచ్చినంతకాలము అంతకంటె మంచి ఏర్పాటు లేదు. ఒకనాడు ఒక అధ్యాపకుని బస్సు ఆలస్యమైనచో, గోడమీది కాగితమును తప్ప మరొకదానిని ఎరుగని కళాశాలలో ఆ తరగతి, దాని వెనుక తరగతులు వేచియుండవలసినదే. మరొక కళాశాలలో ఒక ఉపాధ్యక్షుడు వసారాలో తిరుగుచు, ఖాళీగా నున్న అధ్యాపకుని ఆ తరగతికి పంపి, ఆలస్యముగా వచ్చినవారికి తరువాతి గంట ఇచ్చును. ఈ రెండవ పద్ధతియే సాధారణ ప్రాసెసరులలో నడచునది. మెమరీ నుండి రావలసిన దత్తాంశము దగ్గరి గూటిలో దొరకునో, దూరపు మెమరీ నుండి వందలాది గడియార స్పందనల తరువాత చేరునో కంపైలరుకు ముందుగా తెలియదు. శాస్త్రీయ గణనలలో లెక్కలు క్రమబద్ధముగా నడచును గనుక ఐటేనియం టైంటేబిలు చక్కగా సాగినది. బ్యాంకు ఖాతాలు, పాఠ్య శోధన వంటి పనులలో తరువాత ఏది అవసరమగునో ముందు చెప్పజాలము గనుక అది తరచు తడబడినది.

అనుకొన్న కాలముకంటె చాల ఆలస్యముగా, 2001 జూన్ నెలలో మొదటి ఐటేనియం 733, 800 మెగాహెర్ట్జ్ వేగములతో విడుదలైనది. పాత 32 బిట్ల కార్యక్రమములను నడుపుటకు అందులో ప్రత్యేక ఏర్పాటున్నను అవి మిక్కిలి నెమ్మదిగా నడచెడివి. 2002 జూలైలో వచ్చిన ఐటేనియం 2 చాల మెరుగైనది.

ఆప్టెరాన్ నిర్మాణము

ఎ.ఎం.డి. సంస్థ ఇంటెలుకంటె చాల చిన్నది. కొత్త లిపిని సృష్టించి లోకమంతటిచే నేర్పింపజేయు స్తోమత దానికి లేదు. కావున ఉన్న లిపినే పెంచదలచినది. 64 బిట్ల ఎక్స్ 86ను రూపొందింపగలమని 1999లో ప్రకటించి, 2000 సంవత్సరములో దాని వివరములను బహిరంగముగా ప్రచురించినది. సాధారణ రిజిస్టరుల సంఖ్యను ఎనిమిది నుండి పదునారుకు పెంచినది. వాటి వెడల్పును 32 నుండి 64 బిట్లకు పెంచినది. పాత 32 బిట్ల కార్యక్రమములు ఎట్టి మార్పును లేకుండ పూర్తి వేగముతో నడచునట్లు చూచినది. 2003 ఏప్రిల్ 22వ తేదీన ఆప్టెరాన్ విడుదలైనది.

ఆదేశ సముదాయముతోబాటు మరి రెండు మార్పులను ఎ.ఎం.డి. ప్రవేశపెట్టినది. మెమరీని నియంత్రించు భాగము అంతవరకు సర్వరులలో సాధారణముగా ప్రాసెసరునకు వెలుపల, వేరొక చిప్పులో ఉండెడిది. దానిని ఆప్టెరాన్ లోపలికి తెచ్చినారు. అందువలన మెమరీకి పోయివచ్చు కాలము తగ్గినది. ప్రాసెసరులు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకొనుటకు హైపర్ ట్రాన్స్‌పోర్ట్ అను దారులను ఏర్పరచినారు. 100 వరుస ఒంటరి ప్రాసెసరు గల వర్క్‌స్టేషనులకు, 200 వరుస జంట ప్రాసెసరుల యంత్రములకు, 800 వరుస ఎనిమిది వరకు ప్రాసెసరులు గల సర్వరులకు ఉద్దేశింపబడినవి.

అంకెలు ఏమి చెప్పుచున్నవి

2003 వేసవిలో ఈ రెండును ఎదురెదురుగా నిలిచినవి. ఆ సంవత్సరము జూన్ నెలాఖరున వెలువడిన ఐటేనియం 2 లో 41 కోట్ల ట్రాన్సిస్టరులు, 6 మెగాబైట్ల మూడవ అంచె క్యాషె మెమరీ, 1.5 గిగాహెర్ట్జ్ వేగము కలవు. చిప్పు వైశాల్యము 374 చదరపు మిల్లీమీటరులు. ఆప్టెరాన్ 244లో సుమారు 10.6 కోట్ల ట్రాన్సిస్టరులు, 1 మెగాబైటు క్యాషె, 1.8 గిగాహెర్ట్జ్ వేగము కలవు; వైశాల్యము 193 చదరపు మిల్లీమీటరులు. రెండును 130 నానోమీటరుల పద్ధతిలోనే తయారైనవి. ఐటేనియం గరిష్ఠముగా 130 వాట్ల విద్యుత్తును, ఆప్టెరాన్ 90 వాట్లకు లోపల విద్యుత్తును తీసికొనెడివి. మొదటిదాని వెల నాలుగువేల డాలరులకు పైగా. రెండవదాని వెల 794 డాలరులు.

మెమరీ దారుల విషయము మరింత గమనింపదగినది. ఐటేనియం 2 యొక్క బస్సు సెకనుకు 6.4 గిగాబైట్ల దత్తాంశమును మోయగలదు. కాని సాధారణమైన నాలుగు ప్రాసెసరుల సర్వరులో ఆ నాలుగును ఒకే బస్సును పంచుకొనవలెను. అనగా ఒక్కొక్కదాని వంతుకు 1.6 గిగాబైట్లు మాత్రమే. ఆప్టెరాన్ ఒక్కొక్కదానికి సెకనుకు 5.3 గిగాబైట్లు మోయు సొంత దారి ఉన్నది. నాలుగింటిని కలిపినచో మొత్తము సుమారు 21 గిగాబైట్లు. ఒంటరిగా చూచినచో ఐటేనియం దారి వెడల్పైనది. నలుగురు కలిసి నడచునప్పుడు ఆప్టెరాన్ దారి వెడల్పైనది. ఒక్క ప్రాసెసరు అంకెను మాత్రమే చూచి సర్వరును కొనరాదని ఈ లెక్క బోధించుచున్నది.

సర్వరు రంగమున

ఐటేనియమునకు న్యాయము చేయుట మా విధి. దశాంశ గణనలలో ఐటేనియం 2 ఆనాటి ప్రాసెసరులలో అగ్రశ్రేణికి చెందినది. దోషములను కనిపెట్టి సరిదిద్దుకొనుటలోను దానికి మంచి పేరుండెను. సిలికాన్ గ్రాఫిక్స్ సంస్థ సాధారణ బస్సు పరిమితిని తన సొంత అల్లికతో అధిగమించి 512 ఐటేనియం 2 ప్రాసెసరులను ఒకే యంత్రముగా కూర్చినది. నాసా సంస్థ ఏమ్స్ కేంద్రములోని అట్టి యంత్రమునకు 2004లో 'కల్పన' అని పేరు పెట్టినారు. ఆ కేంద్రములో ఒకప్పుడు పనిచేసి, 2003 ఫిబ్రవరి 1వ తేదీన కొలంబియా నౌకా దుర్ఘటనలో అసువులు బాసిన కల్పనా చావ్లా స్మృత్యర్థము పెట్టిన పేరది. అదే సంవత్సరము అట్టి 20 యంత్రములను కలిపి, 10,240 ప్రాసెసరులతో 'కొలంబియా' అను మహాయంత్రమును నిర్మించినారు. 2004 నవంబరులో అది ప్రపంచపు అతి వేగవంతమైన కంప్యూటరుల జాబితాలో రెండవ స్థానము పొందినది.

కాని లోకములోని సర్వరులలో అత్యధికము మహాయంత్రములు కావు. అవి కార్యాలయముల, దుకాణముల, విద్యాసంస్థల చిన్న యంత్రములు. వాటి యజమానులకు ఇదివరకే కొన్న కార్యక్రమములున్నవి, తర్ఫీదు పొందిన సిబ్బంది ఉన్నారు. ఆప్టెరాన్ కొన్న యజమాని మొదటి దినమున తన పాత కార్యక్రమములనే నడుపుకొని, వీలు చిక్కినప్పుడు 64 బిట్లకు మారవచ్చును. ఐటేనియం కొన్న యజమాని మొదటి దినమే అన్నిటిని మార్చుకొనవలెను. ఐ.బి.ఎం. 2003లోను, సన్ మైక్రోసిస్టమ్స్, హ్యూలెట్ పాకార్డ్ 2004లోను, డెల్ 2006లోను ఆప్టెరాన్ సర్వరులను స్వీకరించినవి. ఐటేనియమునకు జన్మనిచ్చిన సంస్థలలో ఒకటియే దాని ప్రతిస్పర్ధిని అమ్మజూపుట ఇందులో విశేషము.

వర్క్‌స్టేషను రంగమున

వర్క్‌స్టేషను రంగములో తీర్పు మరింత త్వరగా వెలువడినది. చిత్రములు గీయు, నమూనాలు కట్టు కార్యక్రమముల నిర్మాతలు తమ గ్రంథములను కొత్త లిపిలోనికి తిరిగి వ్రాయవలెనన్నచో కొనువారు తగినంత మంది ఉండవలెను. కార్యక్రమములు లేనిదే కొనువారు రారు. కొనువారు లేనిదే కార్యక్రమములు రావు. ఈ చక్రబంధములో ఐటేనియం చిక్కుకొన్నది. 2004 సెప్టెంబరులో హ్యూలెట్ పాకార్డ్ తన ఐటేనియం వర్క్‌స్టేషనులను విరమించుకొన్నది. ఇంజనీరు బల్లపై 32 బిట్ల పాత కార్యక్రమము, 64 బిట్ల కొత్త కార్యక్రమము పక్కపక్కనే నడుచు సౌకర్యము ఆప్టెరాన్‌కు కలదు. 2005 ఏప్రిల్ నెలలో మైక్రోసాఫ్ట్ సంస్థ ఆ ఆదేశ సముదాయమునకు తగిన విండోస్‌ను విడుదల చేయుటతో ఆ సౌకర్యము సంపూర్ణమైనది.

తీర్పు, దాని ఫలితములు

2004 ఫిబ్రవరిలో ఇంటెల్ సంస్థ ఎ.ఎం.డి. వేసిన దారినే తానును స్వీకరింపనున్నట్లు ప్రకటించి, ఆ సంవత్సరము జూన్ నెలలో తన జియాన్ ప్రాసెసరులలో 64 బిట్ల విస్తరణను ప్రవేశపెట్టినది. తన ఐటేనియమునకు తానే పోటీని నిలుపుకొన్నట్లయినది. ఆ తరువాత ఐటేనియం మెల్లమెల్లగా ఒంటరిదైనది. దానిని పోషించు విండోస్ సర్వరులలో 2008 ఆర్ 2 చివరిదని 2010లో మైక్రోసాఫ్ట్ ప్రకటించినది. 2011లో ఆరకిల్ సంస్థ తన కార్యక్రమములను ఐటేనియం కొరకు ఇకపై వ్రాయబోనన్నది. హ్యూలెట్ పాకార్డ్ న్యాయస్థానమునకు పోయినది. 2016లో జ్యూరీ ఆరకిల్‌పై 300 కోట్ల డాలరుల నష్టపరిహారము విధించినది. వ్యాజ్యములో గెలుపు లభించినను ప్రాసెసరు మాత్రము కోలుకొనలేదు. 2017లో చివరి ఐటేనియం వచ్చినది. 2021 జూలై 29వ తేదీతో దాని సరఫరా ముగిసినది. 2024 జనవరిలో వెలువడిన లినక్స్ 6.7 నుండి దానికి సంబంధించిన భాగమును తొలగించినారు.

ఇందులో నష్టపడినవారు కేవలము తయారీదారులు కారు. ఐటేనియం మార్కెట్టుకు వచ్చీరాక మునుపే కాంపాక్ సంస్థ తన చేతిలోని ఆల్ఫా అను శ్రేష్ఠమైన ప్రాసెసరును విడిచి దానివైపు మరలుటకు 2001లో నిశ్చయించినది. తయారీదారుని మాట నమ్మి ఒక యంత్రము నుండి మరొక యంత్రమునకు, అక్కడి నుండి ఇంకొక యంత్రమునకు మారవలసి వచ్చిన కార్యాలయములు మారిన ప్రతిసారి కార్యక్రమములను తిరిగి వ్రాయించుకొని, సిబ్బందికి తిరిగి నేర్పించుకొనవలసి వచ్చినది. అంకెల పట్టికలో ఈ ఖర్చు ఎక్కడను కానరాదు.

ఆప్టెరాన్ శాశ్వతముగా గెలిచినదని కూడ అనరాదు. 2009 నవంబరులో ఓక్ రిడ్జ్ పరిశోధనశాలలోని ఆప్టెరాన్ యంత్రము 'జాగ్వార్' ప్రపంచములో ప్రథమ స్థానమును అందుకొన్నది. అయితే ఇంటెల్ కూడ మెమరీ నియంత్రణను ప్రాసెసరు లోపలికి తెచ్చి తన జియాన్‌లను బలపరచుకొన్నది. 2011 తరువాతి ఆప్టెరాన్‌లు వాటి ముందు వెనుకబడినవి. ఎ.ఎం.డి. 2017లో ఎపిక్ అను కొత్త పేరుతో సర్వరు ప్రాసెసరులను మరల ప్రారంభించినది. ఐటేనియం పద్ధతి పేరును, ఈ ప్రాసెసరు పేరును తెలుగున ఒకటిగానే పలుకబడినను రెండింటికిని సంబంధము లేదు. ఆప్టెరాన్ పేరు పోయినది. అది చేర్చిన అక్షరములు మాత్రము ఇంటెల్, ఎ.ఎం.డి. ఉభయుల ప్రాసెసరులలో నేటికిని నిలిచియున్నవి.

కొనువారికి కొన్ని ప్రశ్నలు

ఈ చరిత్ర నుండి మన వంటి సంస్థలకు ఉపయోగపడు ప్రశ్నలు కొన్ని ఏర్పడుచున్నవి. కార్యవర్గ సభ్యుల పరిశీలనకై వాటిని వినయముగా మనవి చేయుచున్నాము.

మొదటిది, మన వద్ద ఇప్పుడున్న కార్యక్రమములు ఆ యంత్రముపై మార్పు లేకుండ నడచునా? గ్రంథాలయపు జాబితా, ఫీజుల లెక్కలు, ఉర్దూ, తెలుగు ముద్రణకు వాడు కార్యక్రమములు నడువని యంత్రము ఎంత వేగమైనదైనను మనకు అనవసరము.

రెండవది, యంత్రము అనేకుల కొరకా, ఒకరి కొరకా? 2024లో వెలువడిన ఎపిక్ సర్వరు ప్రాసెసరులలో 192 వరకు గణన కేంద్రములు, పండ్రెండు మెమరీ దారులు ఉన్నవి. అదే సంస్థ వర్క్‌స్టేషనుల కొరకు 2023లో తెచ్చిన థ్రెడ్‌రిప్పర్ ప్రో వరుసలో కేంద్రములు 96కు, దారులు ఎనిమిదికి మించవు. కాని ఒక్కొక్క కేంద్రము ఎక్కువ వేగమున నడచును. పైన చెప్పిన ఆమ్డాల్ లెక్కను తలచుకొన్నచో ఈ భేదమునకు కారణము బోధపడును.

మూడవది, మెమరీలోని దోషములను సరిదిద్దుకొను ఏర్పాటు కలదా? ఈ ఏర్పాటులో సామాన్యముగా ప్రతి 64 బిట్లకు 8 బిట్లను అదనముగా ఉంచి, ఒక బిట్టు తారుమారైనచో యంత్రమే సరిచేయును. దీని విలువ ఎట్టిదో చూడుడు. ఒక విద్యార్థి మార్కులు 68 అనుకొందము. ద్విసంఖ్యామానములో అది 64, 4 అను రెండు స్థానముల కూడిక. 64ను తెలుపు ఒక్క బిట్టు మాసిపోయినచో ఆ విద్యార్థి మార్కులు 4గా మిగులును. ఏ పాపము ఎరుగని బిడ్డ పరీక్ష తప్పును. విద్యార్థుల భవితవ్యమును భద్రపరచు సర్వరులో ఈ ఏర్పాటు లేకుండుట క్షమింపరానిది.

నాలుగవది, విద్యుత్తు, శీతలీకరణ ఖర్చులు ఎంత? రేయింబవళ్లు నడచు యంత్రములో 40 వాట్ల భేదము సంవత్సరమునకు సుమారు 350 యూనిట్లగును. ఐదవది, తయారీదారుడు, కార్యక్రమముల నిర్మాతలు ఎన్ని సంవత్సరములు దానిని పోషింతురు? ఐటేనియం కథలో ఈ ఐదవ ప్రశ్నయే తక్కిన అన్నిటిని మించినది.

విద్యార్థులకు ఒక మాట

ఐటేనియమును రూపొందించినవారు సామాన్యులు కారు. వారి ఆలోచనలో శాస్త్రీయమైన సౌందర్యము కలదు. కాని యంత్రము శూన్యములో పనిచేయదు. అంతకు ముందున్న కార్యక్రమములు, వాటిని వ్రాసినవారి శ్రమ, వాటిపై ఆధారపడినవారి జీవనము దానిని చుట్టుకొనియుండును. ఈ పరిసరమును భారముగా తలచి తొలగింపజూచిన నిర్మాణము ఓడిపోయినది. దానిని మూలధనముగా గ్రహించి దానిపై కట్టిన నిర్మాణము నిలిచినది.

నేడు ఇంటెల్, ఎ.ఎం.డి. రెండు సంస్థలకును హైదరాబాదులో రూపకల్పన కేంద్రములు కలవు. తెలుగునాట చదివిన యువతీయువకులు అక్కడ ఇట్టి ప్రాసెసరుల నిర్మాణములోనే పాలుపంచుకొనుచున్నారు. మన కళాశాల నుండి అక్కడికి పోవు దారి మూయబడి లేదు. అందుకు గణితము కావలెను, ఆంగ్లము కావలెను, ఓర్పు కావలెను. వాటితోబాటు ఒక అలవాటు కూడ కావలెను. ఎవరైనను ఒక అంకెను చూపి ఇది గొప్పదనునప్పుడు, ఏ పనికి గొప్పది, ఎవరికి గొప్పది, ఎంతకాలమునకు గొప్పది అని అడుగు అలవాటు. ఆ మూడు ప్రశ్నలను అడుగ నేర్చిన విద్యార్థి ప్రాసెసరును మాత్రమే గాక మరెన్నో విషయములను సరిగా తూచగలడని మా విశ్వాసము.